ఛాంపియన్ బీమ్ ఎక్కరాదు

బ్యాలెన్స్ బీమ్ మీద ప్రపంచ పోటీల్లో బంగారు పతకం గెలిచి ఊరి పేరు నిలబెట్టినందుకుగాను మా జిమ్నాస్ట్ అమ్మాయిని ఇకమీదట తాను సాధన చేసే బీమ్ ఎక్కనివ్వరాదని మా పట్టణ క్రీడాసంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం చదివి వినిపించగానే సభ్యులందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. ఆ అమ్మాయి కూడా అక్కడే ఉంది గానీ చప్పట్లు కొట్టలేదు. వినయం కాబోలు అనుకున్నాం.

విషయం తెలియనివారి కోసం కొంత పూర్వచరిత్ర చెప్పాలి. బీమ్ అంటే మరేం కాదు, మనిషి ఛాతీ ఎత్తున నిలబెట్టిన పొడవాటి దూలం. వెడల్పు బెత్తెడుకు కాస్త ఎక్కువ. మనలాంటివాళ్ళ ఇంట్లో ఉంటే దాని మీద తడి దుప్పట్లు ఆరేసుకుంటాం. ఈ అమ్మాయి దాని మీద పరుగెడుతుంది, గెంతుతుంది, గాల్లో పల్టీ కొట్టి తిరిగి దాని మీదే కాలు ఆనిస్తుంది. చివర్లో కిందికి దూకి, ఏమీ జరగనట్టు చేతులు పైకెత్తి నవ్వుతుంది.

ఆమె తల్లి టైలరు. బజారు చివర ఒంటిగది దుకాణం. పిల్ల నడక నేర్చిన దగ్గర్నుంచి నేల మీద కన్నా ప్రహరీగోడల మీదే ఎక్కువ తిరిగేది. ఒకనాడు జాకెట్టు కొలతలు తీసుకుంటున్న తల్లి తలెత్తి చూస్తే పిల్ల ఎదురింటి గోడ మీద ఒంటికాలిపై నిలబడి ఉంది. తల్లి టేపు చేతపట్టుకుని పరుగెత్తింది. ఆ దారిన పోతున్న మాస్టారు ఆమెను ఆపి, "కేక వెయ్యకమ్మా, కేకకే పడుతుంది. ఆ నిలబడ్డ తీరులో తప్పేం లేదు" అన్నారు. మాస్టారు ఒకప్పటి జిమ్నాస్టు. కుడి భుజం విరిగాక ఆట మానేసి, బస్సు డిపోలో టిక్కెట్ల గుమాస్తాగా చేరారు. ఆ సాయంత్రం నుంచి పిల్లకు గురువయ్యారు.

ఆ రోజుల్లో ఊరంతా ఆమెను ఎంతో ప్రోత్సహించింది. లెక్కల టీచరుగారు, తలకిందులుగా నిలబడితే చెప్పిన పాఠాలన్నీ కారిపోతాయని క్లాసులో అందరిముందూ హెచ్చరించి ఆమెలో పట్టుదల పెంచారు. చుట్టుపక్కలవాళ్ళు, "ఆడపిల్లకు ఈ కోతిగెంతులేమిటమ్మా" అని తల్లిని ముఖం మీదే అడిగి ఆమెకు లోకజ్ఞానం ప్రసాదించారు. క్రీడాసంఘం గోదాములో ఎవరో ఎప్పుడో కొని పడేసిన బీమ్ ఒకటి ఉంది. దాన్ని వాడుకుంటామని తాళంచెవి అడగబోయిన మాస్టారిని అధ్యక్షులవారు రోజుల తరబడి వరండాలో నిలబెట్టి, ఆయనకు ఓర్పు నేర్పాకే సంఘం హాల్లో సాధనకు ఒప్పుకున్నారు. ఇంతమంది తలా ఒక చెయ్యి వేస్తే గానీ ఒక ఛాంపియన్ తయారుకాదు.

పతకం గెలిచిన రోజు ఊరంతా టీవీల ముందే ఉంది. పొద్దున కోతిగెంతులన్న నోళ్ళే సాయంత్రానికి "మా పిల్ల" అన్నాయి. ఊళ్ళో అంతకన్నా పెద్ద గది లేదు కనుక సన్మానసభ ఆమె సాధన చేసే హాల్లోనే పెట్టాం. పరుపుల్లాంటి మ్యాట్ల మీద కుర్చీలు ఒరిగిపోతున్నాయని మ్యాట్లు ఎత్తించేశాం. అధ్యక్షులవారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా, ఈ అమ్మాయిని మొదటిసారి చూసినప్పుడే నేను ఒకటి అనుకున్నాను. ఏమనుకున్నానో ఇప్పుడు చెప్పడం భావ్యం కాదు. గెలుపు ఆమెదే, కాదనను. కానీ ఆమె నేర్చుకున్న ఆ దూలం ఎవరిది? మన సంఘానిది. దూలం కదలకుండా ఉంది కనుకే ఆమె నిలబడింది. మన సంఘమూ అంతే. ఇన్నేళ్ళుగా చూస్తున్నారు, ఎప్పుడైనా ఒక్క అంగుళం కదిలిందా?"

లేదు లేదని సభ ముక్తకంఠంతో చెప్పింది. తర్వాత ఒక పల్టీ కొట్టి చూపించమని ఆమెను కోరాం. వేదిక సిమెంటుది. మ్యాట్ లేకుండా వద్దని మాస్టారు అడ్డుపడబోతే, ఛాంపియన్‌కు పరుపెందుకండీ అని వెనక వరుసలో ఎవరో అన్నారు. అందరం నవ్వాం. ఆమె పల్టీ కొట్టి దిగి చేతులు పైకెత్తింది. దిగేటప్పుడు మడమలో చప్పుడైందని మాస్టారు తర్వాత చెప్పారు. చప్పట్లలో మాకెవరికీ వినిపించలేదు.

అది మొదలు. వర్తక సంఘం సన్మానించింది. వాళ్ళు చేశారు గనుక లారీ యజమానులు చేశారు. వాళ్ళిద్దరూ చేశాక ఊరుకుంటే తలవంపులని దంతవైద్యులు చేశారు. ప్రతిచోటా ఒక ఉపన్యాసం, ఒక పూలగుచ్ఛం, ఒక పల్టీ. చెప్పుల దుకాణం, పళ్ళాసుపత్రి, నీళ్ళ ట్యాంకు అన్నీ ఆమె చేతనే ప్రారంభింపజేశాం. వాటన్నిటిలో పరుపుల దుకాణం ప్రారంభోత్సవం ఒక్కటే ఆమె మనస్ఫూర్తిగా ఆనందించినట్టు కనబడింది. అక్కడ ఎవరూ అడగకుండానే పల్టీలు కొట్టి, ఆఖరున ఒక పరుపు మీద కాసేపు కళ్ళు మూసుకుని పడుకుంది.

ఇంత చేశాక కూడా ఊరికి తృప్తి కలగలేదు. అప్పుడు పుట్టిందే మొదట చెప్పిన తీర్మానం. చారిత్రక ప్రాధాన్యం గల ఆ బీమ్‌ను భావితరాల కోసం అద్దాల పెట్టెలో భద్రపరిచాం. చుట్టూ తాడు కట్టి ఒక కాపలాదారును పెట్టాం. మ్యాట్లు కోయించి ముఖ్య అతిథుల సోఫాలకు మెత్తలు చేయించాం. ఆమె పట్టుకుని ఊగే కమ్మీలకు వెల్వెట్ పరదాలు వేలాడదీశాం. హాలుకు ఆమె పేరు పెట్టి, దుమ్ము పడకుండా తాళం వేశాం.

మర్నాడు ఆమె మాస్టారితో కలిసి అధ్యక్షులవారి గదికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. జిమ్నాస్టిక్స్‌లో ఇరవై రెండేళ్ళంటే ముసలితనమట. ఆ ఏడాది చివర్లో జరిగే ఎంపిక పోటీలే ఆమెకు ఆఖరి అవకాశమట. ఇప్పటికే సన్మానాల్లో సాధన వెనకబడిందట.

"పొద్దున పూట తాళం తీయించండి సార్, చాలు. ఎవరూ రాకముందే చేసుకుని వెళ్ళిపోతాను."

"నువ్వు ఎక్కితే ఆ బీమ్ పాడైపోదూ?"

"ఎక్కడానికే కదా సార్ అది ఉంది."

"అది గెలవకముందు తల్లీ. ఇప్పుడు దాని హోదా వేరు."

మాస్టారు నోరు తెరవబోయారు. అధ్యక్షులవారు చెయ్యి చూపించి, ఆమె బాధ తనకు తెలుసునన్నారు. ఆమెకు కావలసింది గౌరవప్రదమైన స్థానమే కనుక, అక్కడికక్కడే ఆమెను క్రీడాభివృద్ధి సలహాదారుగా నియమించారు.

సలహాదారుకు ఒక గది, ఒక తిరిగే కుర్చీ ఇచ్చాం. చేయవలసిన పనల్లా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ కుర్చీలో కూర్చోవడమే. చూడవచ్చినవాళ్ళకు కనబడాలి కదా. ఆమె కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి శరీరం మొత్తాన్ని గాల్లోకి లేపి అలా ఉండిపోయేది. కుర్చీలో కూర్చోవడమంటే ఆనుకుని కూర్చోవడమని హెడ్ క్లర్కు నచ్చజెప్పాల్సి వచ్చింది. నెలలు గడిచేకొద్దీ కొంచెం ఒళ్ళు కూడా చేసింది. ఇప్పుడు నిండుగా ఉందని అందరం మెచ్చుకున్నాం.

అయినా ఆమె మారలేదు. తెల్లవారుతూనే ఇంటి ప్రహరీగోడ ఎక్కి సాధన మొదలుపెట్టింది. చుట్టుపక్కలవాళ్ళు ఆందోళనతో తల్లి దగ్గరకు వెళ్ళారు. "పడితే ఎవరిది బాధ్యత? ఆమె నీ ఒక్కదాని కూతురనుకుంటున్నావా? ఊరి ఆస్తి" అన్నారు.

తల్లి మిషను తొక్కడం ఆపలేదు. "దాని మోకాళ్ళు కొట్టుకుపోయినప్పుడల్లా మందు రాసింది నేనేనండీ. అప్పుడు పంపకానికి ఒక్కరూ రాలేదేం?" అంది.

ఆ మాట ఊరి చెవికెక్కలేదు. ఛాంపియన్ భద్రత దృష్ట్యా క్రీడాసంఘమే మేస్త్రీని పంపి, ఆ గోడ పొడవునా పైన గాజుపెంకులు గుచ్చించింది. పని పూర్తయ్యాక ఆమె గోడ దగ్గర నిలబడి ఏడ్చింది. ఆమె ఏడవడం మేము చూడటం అదే మొదలు. ఊరు తనను ఇంతగా ప్రేమిస్తోందని అప్పుడు గాని ఆమెకు అర్థమైనట్టు లేదు.

ఇంతలో సంఘం వార్షికోత్సవం వచ్చింది. ముఖ్య అతిథిగా వస్తున్న పెద్దమనిషి ఒక షరతు పెట్టారు. అద్దాల పెట్టెలో చెక్కను చూడటానికి అంత దూరం రాలేనని, దాని మీద అమ్మాయి ఆడితేనే వస్తానని కబురు చేశారు. అధ్యక్షులవారు ఆ ఒక్కపూటకు పెట్టె తెరవడానికి ఒప్పుకున్నారు. బతిమాలించుకుంటుందేమో అనుకున్నాం గానీ ఆమె వెంటనే సరేనంది. మ్యాట్లు మాత్రం పరవాలని మాస్టారు పట్టుబట్టారు. సోఫాల మెత్తలు ఊడబెరికి నేల మీద పరిచి, ముఖ్య అతిథిని చెక్కకుర్చీలో కూర్చోబెట్టాం.

ఆమె బీమ్ ఎక్కింది. నాలుగడుగులు వేసి పడింది. లేచి మళ్ళీ ఎక్కి, చిన్న గెంతు గెంతి పడింది. మూడోసారి ఎక్కి, గెంతకుండానే పడింది. పడ్డ ప్రతిసారీ మ్యాట్ మీద ఒద్దికగా దొర్లి, దుమ్ము దులుపుకుని లేచింది. మాస్టారు చేతులు కట్టుకుని, చెప్పిన పాఠం అప్పజెప్పించుకుంటున్నవాడిలా తలూపుతూ చూశారు. తల్లి ఆయన వైపు వంగి, "ఎంత బాగా పడుతోందో చూడండి మాస్టారూ" అంది. దుఃఖంలో మనిషికి ఏం మాట్లాడుతున్నామో తెలియదు గనుక మేము పట్టించుకోలేదు.

"దీనికా నన్ను పిలిచారు?" అని ముఖ్య అతిథి టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. అధ్యక్షులవారికి తల తీసేసినట్టయింది. ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం జరిగింది. కీర్తి నెత్తికెక్కి సాధన గాలికొదిలేసినందుకు ఆమెను తీవ్రంగా గర్హించాం. సలహాదారు పదవి రద్దయింది. హాలు మీద పేరుకు సున్నం వేయించి, దాన్ని సభలకు అద్దెకివ్వాలని నిర్ణయించాం. సంఘం పరువు తీసిన బీమ్‌ను, చిరిగిన మెత్తలను పెరట్లో చెత్త పక్కన పడేయించాం.

మర్నాడు పొద్దున్నే మాస్టారు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. "పనికిరాని చెక్కే కదండీ, మాకిచ్చేస్తే పొయ్యిలోకైనా వాడుకుంటాం" అన్నారు.

"తీసుకుపోండి. మళ్ళీ నా కంటపడనివ్వొద్దు" అన్నారు అధ్యక్షులవారు.

మాస్టారు, తల్లి, కూతురు కలిసి ఆ బీమ్‌ను తోపుడుబండి మీద కట్టుకుని బజారు మధ్య నుంచి తోసుకుపోయారు. ఎవరమూ చెయ్యి సాయం చేయలేదు. అవమానంలో ఉన్నవాళ్ళను కదిలించడం మర్యాద కాదు కదా. వాళ్ళు మాత్రం ముగ్గురూ నవ్వుకుంటూ పోతున్నారు. సిగ్గన్నది కూడా పోయిందని ఊరు ముక్కు మీద వేలేసుకుంది.

ఊరి బయట మూతపడిన చెక్కమిల్లు షెడ్డు ఒకటుంది. బండి అటు వెళ్ళిందని తెలుసు గానీ ఆ తర్వాత ఆ దిక్కుకు ఒక్కరమూ తొంగిచూడలేదు. దారిలో ఎదురైనప్పుడు పలకరింపులు మానేశాం. ఓడినవాళ్ళను ఒంటరిగా వదిలేసే సంస్కారం మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా ఉంది. ఎవరైనా అమ్మాయి ఏం చేస్తోందని అడిగితే తల్లి, "ఏం చేస్తుందండీ, గుండీలు కుట్టుకుంటోంది" అనేది. అడిగినవాళ్ళు జాలిపడి, లోపల్లోపల కాస్త సంతోషపడి వెళ్ళిపోయేవారు.

ఆ ఏడాది చివర ఎంపిక పోటీల్లో ఆమె నెగ్గింది. ఆ సంగతి మాకు తెలియనే లేదు. ప్రపంచ పోటీల రోజు ఏదో పాటల కార్యక్రమం కోసం వెతుకుతూ ఎవరో ఛానల్ మారిస్తే, తెరమీద బీమ్ మీద ఆమె ఉంది. ఊరు ఊరంతా మళ్ళీ టీవీల ముందుకు పరుగెత్తింది. ఆమె గాల్లో తిరిగింది, దిగింది, మళ్ళీ తిరిగింది. అరికాలు ఎక్కడా తడబడలేదు. ఆఖరున కిందికి దూకి, నేలకు కుట్టేసినట్టు నిలబడి చేతులు పైకెత్తింది. నాకు ఒళ్ళు పులకరించింది. ఒప్పుకోవడానికేం, మేమందరం ఏడ్చాం.

పతకం మెడలో వేసుకున్నాక విలేకరి ఆమెను, ఈ విజయానికి ఎవరెవరికి కృతజ్ఞతలు చెబుతారని అడిగాడు.

"మా అమ్మకు, మాస్టారికి. ఆ తర్వాత మా ఊరివాళ్ళకు" అందామె.

సంఘం గదిలో చప్పట్లు మిన్నంటాయి. టీవీకి దగ్గరగా కూర్చున్న నాకు మాత్రం మిగతాది కూడా వినబడింది. "నేను కావాలని పడితే వాళ్ళు నిజంగానే నమ్మారు. నమ్మి నన్ను వదిలేశారు. అందుకే సాధన చేసుకోగలిగాను" అంది. ఊరి మనోభావాలు గాయపడతాయని ఆ మాటలు నేను ఎవరికీ చెప్పలేదు.

అధ్యక్షులవారు కన్నీళ్ళు తుడుచుకుంటూ అప్పటికప్పుడు లారీ తెప్పించారు. పూలగుచ్ఛాలు, బ్యాండుమేళంతో అందరం చెక్కమిల్లుకు వెళ్ళాం, బీమ్‌ను సగౌరవంగా తెచ్చుకోవడానికి. షెడ్డు ఖాళీగా ఉంది. బీమ్ లేదు. నేల మీద దాని కాళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి. అక్కణ్ణుంచి మేళంతో సహా టైలరు దుకాణానికి పోతే, దుకాణం తీసేసి, మిషను కూడా బండికెక్కించుకుని తల్లి వారం కిందటే వెళ్ళిపోయిందని, మాస్టారు కూడా వెంటే వెళ్ళారని పక్క దుకాణంవాడు చెప్పాడు. ఎక్కడికని అడిగితే, "మిమ్మల్ని ఎరగని చోటికట" అన్నాడు. బ్యాండువాళ్ళు ఏం వాయించాలో తెలియక నిలబడిపోయారు.

పాఠక మహాశయులకు మా ఊరి తరఫున ఒక విన్నపం. మీ చుట్టుపక్కల ఏ పాతషెడ్డులోనైనా ఒక అమ్మాయి తెల్లవారుజామునే దూలం మీద పల్టీలు కొడుతూ కనబడితే దయచేసి మాకు కబురు పెట్టండి. పెట్టరని తెలుసు. మీరూ మాలాంటి మంచివాళ్ళే. ఈపాటికి ఆమెకు సన్మానం ఖాయం చేసేసి, అధ్యక్షత ఎవరు వహించాలని కొట్టుకుంటూ ఉంటారు.