పెట్టెలో మామిడితోట

ఆయుధపూజ మర్నాడు పొద్దున, కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే మునికుమార్ ఒక నిర్ణయానికి వచ్చాడు. నాయుడుపేటలో అక్క ఇంటికి వెళ్ళిన భార్య లోకేశ్వరి సాయంత్రం బస్సుకు వస్తుంది. ఆలోగా ఆమె ఆటపెట్టెలో ఉన్నదంతా భద్రంగా కాపీ తీసిపెట్టాలి. కాపీలు తీయించడం అతనికి కొత్త కాదు. చిత్తూరు కోర్టులో వకీలు గుమాస్తాగా అతని తల నెరిసిందే ఆ పనిలో. పైగా దసరా సెలవులు. చేతులు ఊరికే ఉండనంటున్నాయి.

అసలు బాధ వేరే ఉంది. రెండు నెలలుగా లోకేశ్వరి అతనితో సరిగ్గా మాట్లాడటం లేదు. ఏమైందని అడిగితే "ఏం లేదు" అంటుంది. ఆ ఏం లేకపోవడం అతనికి అన్నం సహించనివ్వడం లేదు.

ఆ పెట్టె టీవీకి తగిలించి వీడియో ఆటలు ఆడుకునేది. అందులో ఆమెకు ఒక మామిడితోట ఉంది. కార్వేటినగరం దగ్గర ఉన్న తోటను ఆమె తండ్రి ఆదిమూలం అమ్ముకోవలసి వచ్చింది. అప్పుడు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ తోటనే చెట్టుకు చెట్టు ఆటలో నాటించింది లోకేశ్వరి. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "బాయి పక్కన ఇంగో చెట్టుండాది, మర్చిపోయినావు పాపా" అంటూ ఒక ఎండాకాలమంతా నాటిన చెట్లవి. తర్వాత ఆయన పోయాడు. నాయన తాలూకు గుర్తుగా ఆమెకు మిగిలింది ఆ తోట ఒక్కటే.

నిన్న ఇస్తిరిపెట్టెకూ మిక్సీకీ స్కూటరుకూ పెట్టినట్టే, మునికుమార్ తల్లి శకుంతలమ్మ ఆటపెట్టెకు కూడా గంధం, కుంకుమ పెట్టింది. గాలి ఆడే సందులన్నీ పూడిపోయేలా, భక్తిగా పెట్టింది. పెట్టె ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. లోకేశ్వరి ఇది చూస్తే ఇక ఆ కాస్త మాటా ఉండదని మునికుమార్ భయం. గబగబా స్క్రూలు విప్పి, లోపలి హార్డ్ డిస్కును బయటికి లాగాడు.

"తోటంతా దాంట్లోనే ఉండాదారా?" శకుంతలమ్మ వంగి చూస్తూ అడిగింది.

"అంతా దీంట్లోనే మా. ఆ డబ్బా ఉత్త డొప్ప."

"నాటిండేవన్నీ?"

"అన్నీ మా."

తల్లికి ఇంత శ్రద్ధ ఎందుకని ఒక్క క్షణం అనిపించింది గానీ, అప్పటికే స్కూటరు ఎక్కేశాడు.

గాంధీ రోడ్డులో ఢిల్లీబాబు కంప్యూటర్లు బాగుచేస్తాడు. డిస్కును అతని కంప్యూటరుకు తగిలించారో లేదో తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ డిస్కు చదవడానికి రావడం లేదు, తుడిచి కొత్తగా సిద్ధం చేయమంటారా అని. మునికుమార్ వేలు తనంతట తానే 'సరే' మీదికి పోయింది. ఏ కాగితం ఎదురొచ్చినా ముందు సంతకం పెట్టించి తర్వాత చదవడం గుమాస్తాల పద్ధతి. ఢిల్లీబాబు అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కొంప ముంచబోతివి గదన్నా. దీంట్లో ఉండేదంతా తాళం ఏసి దాసిండే సరుకు. ఆ తాళంచెవి పెట్టె లోపలుండే బోర్డులోనే ఉంటాది. పెట్టెకు తగిలిస్తేనే ఇది చదివేకి వస్తాది."

"అట్లాంటిదే ఇంగో పెట్టె తెస్తే?"

"ఇంగోటి పనికిరాదు. దీని పెట్టే గావాల. పొయ్యి ఎత్తుకురా."

ఇంటికొచ్చి చూస్తే పెట్టె ఉన్నచోట కొత్త స్టీలు బేసిన్ ఒకటి తళతళలాడుతోంది.

"పాత సామాన్లకు స్టీలిచ్చే కుప్పయ్య వచ్చిన్నాడు" అంది శకుంతలమ్మ. "డొప్ప అంటివి గదా, ఏసేసినా. వైర్లు నువ్వు యాడ పెట్టినావో కనపడలా. లేకుంటే మూత గూడా ఇచ్చిండును."

తప్పు తల్లిది కాదు. డొప్ప అన్నది తనే. స్కూటరు మళ్ళీ రోడ్డెక్కింది. కుప్పయ్య బండికి మైకుంటుంది కాబట్టి, ఎక్కడ మైకు వినిపిస్తే అక్కడికి పరుగు. గిరింపేటలో మైకు కోడిగుడ్లదని తేలింది. సందు చివర మోగింది చెత్తబండి. కట్టమంచి దాకా పోతే అక్కడ కుప్పయ్య దొరికాడు. అతని బండి మీద పెట్టె లేదు.

"మేము చర్చికి పొయ్యేవాళ్ళం సార్" అన్నాడు కుప్పయ్య మర్యాదగా. "ఇప్పి చూద్దామంటే గంధం, కుంకుమ కనపడె. పూజ చేసిండే పెట్టెను సుత్తితో పగలగొడితే మీవాళ్ళు నొచ్చుకుంటారు గదా. ఆ మలుపులో గంగమ్మ గుడి అరుగు మీద పెట్టొచ్చినా."

మునికుమార్ వెళ్ళేసరికి పెట్టె మీద చామంతి దండ ఉంది. ముందు రెండు అరటిపండ్లు, పక్కన ఊదొత్తి. చెయ్యి చాపగానే గుడి ఊడ్చే దేవకమ్మ చీపురు అడ్డం పెట్టింది.

"ఎవురప్పా నువ్వు? అమ్మోరి పెట్టె మీద చెయ్యేస్తా ఉండావే?"

"అమ్మోరిది గాదు మా, నాది. దీంట్లో నా పెండ్లాం మామిడితోట ఉండాది."

చుట్టూ జనం మూగారు. తోట పెట్టెలో ఎట్లా ఉంటుందని ఒకాయన నెమ్మదిగా అడిగాడు. నాటింది చచ్చిపోయిన మామ అని, తాళంచెవి లోపలుందని, డిస్కు అనబోయి, దాని గుండె మాత్రం తన దగ్గరే ఉందని, మునికుమార్ కంగారులో మొత్తం చెప్పాడు. విన్నకొద్దీ దేవకమ్మ మొహం మెత్తబడింది.

"పాపం, తోట పోగొట్టుకొని మతి చెడింది. టెంకాయ కొట్టించి పంపీండి" అంది.

అతను వాదించలేదు. టెంకాయ కొట్టాడు. పెట్టె మీద ఆమె చల్లబోయిన తీర్థానికి వీపు అడ్డం పెట్టి, దండతో సహా ఎత్తుకుని వచ్చేశాడు. దారిలో ఫోను మోగింది.

"తిరుపతిలో బస్సు మారినా" అంది లోకేశ్వరి. "ఇంట్లో అంతా బాగుండాదా?"

"బ్రహ్మాండంగా ఉండాది" అన్నాడు, సాక్షికి నేర్పించే గొంతుతో.

ఢిల్లీబాబు గంధమంతా పళ్ళ బ్రష్షుతో గీకి, ఫ్యాను తుడిచి, డిస్కు బిగించి స్విచ్చి వేశాడు. పెట్టె మేలుకుంది. తోట తెరుచుకుంది. అందులో ఒక్క మామిడిచెట్టు లేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా టమోటాలు ఎర్రగా పండి ఉన్నాయి.

మునికుమార్ స్టూలు మీద కూలబడ్డాడు. "డిస్కు పెరికినందుకు మామిళ్ళు టమోటాలైపోయినాయా బాబూ?"

"అట్లయ్యేది లేదన్నా" అని ఢిల్లీబాబు సొరుగులోంచి ఒక పెన్‌డ్రైవు తీసి పెట్టెకు గుచ్చాడు. "ఉండేదాన్నన్నా ముందు కాపీ తీసి పెట్టుకో. పైది నొక్కితే పెట్టెలోది దీంట్లోకి వస్తాది. కిందది నొక్కితే దీంట్లోది పెట్టెలోకి పోతాది. పైది నొక్కు. టీ తాగొస్తా."

అదే సమయానికి ఫోను మళ్ళీ మోగింది. లోకేశ్వరి బస్సు పూతలపట్టు దాటి దగ్గరికి వచ్చేసిందట. ఆ తొందరలో వేలు కిందదాని మీద పడింది. పెట్టెలో ఉన్నదంతా చెరిగిపోతుంది, సమ్మతమేనా అని తెర అడిగింది. మునికుమార్ సమ్మతించాడు. నిజంగానా అని ఇంకోసారి అడిగింది. కోర్టులో ఏదైనా రెండుసార్లు అడుగుతారు కాబట్టి ఈసారి ఇంకా తొందరగా సమ్మతించాడు.

ఢిల్లీబాబు తిరిగొచ్చి తెర చూసి తల పట్టుకున్నాడు. "కిందది నొక్కినావు గదన్నా. ఉండేది గూడా పాయె. ఈ పెన్‌డ్రైవులో ఏముండాదో నాకే గుర్తులేదు."

పెట్టెను చంకన పెట్టుకుని మునికుమార్ ఇల్లు చేరేసరికి లోకేశ్వరి ఆటో దిగుతోంది. చెప్పేయాలనుకున్నాడు. చెప్పడానికి బదులు ఆటోకు డబ్బులిచ్చాడు. ఆమె అతని మొహం చూసి, పెట్టె చూసి, ఏమీ అడగకుండా టీవీకి తగిలించింది. మునికుమార్ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపటికీ తిట్టు వినపడలేదు. కళ్ళు తెరిస్తే టీవీ నిండా మామిడిచెట్లు. బావి పక్కదానితో సహా అన్నీ ఉన్నాయి. లోకేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

రెండేళ్ళ కిందట ఫ్యాను మార్చినప్పుడు ఢిల్లీబాబు అలవాటు కొద్దీ తీసిపెట్టుకుని, తుడవడం మరిచిన కాపీ అది. ఆ సంగతి వాళ్ళకు ఫోనులో తర్వాత తెలిసింది.

"రెండు నెలలాయె, నాయన చెట్లన్నీ ఎవురో కొట్టేసి టమోటా పెట్టినారు" అంది ఆమె. "మీరే అనుకున్నా. అడిగితే ఔనంటారేమోనని భయమేసి అడగలా. ఇప్పుడు మీరే తెచ్చినారా?"

రెండు నెలల బరువు మునికుమార్ గుండె మీది నుంచి దిగిపోయింది. అనుకూలంగా వచ్చిన తీర్పును ఏ గుమాస్తా తిరగదోడడు. "ఔను, నేనే తెచ్చినా" అన్నాడు. "కొట్టింది మాత్రం నేను గాదు."

ఇద్దరూ వంటింటి వైపు చూశారు. గడపలో శకుంతలమ్మ కొయ్యబారి నిలబడి ఉంది.

"నా టమోటా యాడబోయింది?" అంది.

"మీరా అత్తా?"

"మామిడికి రేటు యాడుండాదే తల్లీ? ఈ యేడు గుజ్జు ఫ్యాక్టరీవాళ్ళు కాయను తాకను గూడా లేదు. మధ్యానం పూట ఊరికే కూర్చోలేక నీ ఆట పెట్టుకొని చెట్లు కొట్టేసి టమోటా పెట్టినా. రేపు కోసేదానికి వచ్చిండును. ఎవురు పీకేసినారు దాన్ని?"

లోకేశ్వరి ఏడుపు మధ్యలో నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది. శకుంతలమ్మ మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు.

పెద్దమనిషి తరహాలో మునికుమార్ మధ్యవర్తిత్వం చేసి, ఆటలోనే బావికి అవతల అర ఎకరం తల్లి పేర విడిగా కంచె వేయించాడు. గట్టు తగాదా ఇంకా నడుస్తోంది.