ముప్పై ఏడో నంబరు హాజరు

పోలండ్‌లో ఒక సెమిస్టరు చదవాలా వద్దా అని తేల్చుకోలేని విద్యార్థులు, నిర్ణయానికి ముందు పద్నాలుగు రోజులు ఎవరికీ కనిపించకుండా ఉండాలన్న నిబంధన ప్రకారం, మూడో సంవత్సరం బయోటెక్నాలజీ చదువుతున్న హిమజ సోమవారం ఉదయం పది గంటలకు కాలేజీ ఆఫీసులో సంతకం చేసి కనిపించడం మానేసింది.

నిబంధన ఉద్దేశం మంచిదే. తాము లేకపోతే తమ చోటు ఎలా ఉంటుందో ముందే చూసుకున్న విద్యార్థులు, పోలండ్ వెళ్లాక బెంగపడి మధ్యలో తిరిగి రారు. కనిపించని రోజుల్లో క్లాసులో కూర్చోవచ్చు. ఆ చోట మరొకరు కూర్చోబోతే లేవాలి. మెస్సులో అందరూ తిన్నాక మిగిలింది తినవచ్చు. ఫోను గదిలోనే వదిలేయాలి. మాట్లాడవచ్చు కాని ఎవరికీ వినపడదు. ఆఫీసు గుమాస్తా అప్పలనాయుడికి మాత్రం, ఫైలు ఆయన దగ్గరే ఉంటుంది కనుక, పనివేళల్లో కనిపిస్తారు, వినపడతారు. పద్నాలుగు రోజుల గైర్హాజరు పూర్తయ్యాక ఆఫీసుకు వచ్చి ‘వెళ్తాను’ అనో ‘వెళ్లను’ అనో రాసి, మళ్లీ కనిపించవచ్చు.

హిమజ మూడు నెలలుగా ఏదీ తేల్చుకోలేదు. ఒక్క ఆశ మాత్రం లోపల దాచుకుంది. ఎవరైనా తనకోసం వెతుక్కుంటే ఉండిపోవచ్చు.

మొదటిరోజు హాజరులో హిమజ ముప్పై ఏడో నంబరు పిలిచినప్పుడు కెజియా తల వంచి, గొంతు కాస్త సన్నం చేసి, “ప్రెజెంట్ మేడమ్” అంది. కెజియా ఆమె రూమ్మేటు. ఒకరు రాకపోతే ఇంకొకరు హాజరు పలకడం రెండేళ్లుగా వాళ్ల అలవాటు. హిమజకు కళ్లు చెమర్చాయి. ఈసారి తనకు గైర్హాజరే పడాలని ఆమె చెవి దగ్గర వంగి చెప్పింది. కెజియా నోట్సు రాసుకుంటూ ఉంది.

నాలుగో రోజు మేడమ్ ముప్పై ఏడో నంబరును ప్రశ్న అడిగారు. అదే సన్నటి గొంతుతో జవాబు వచ్చింది. మేడమ్ పుస్తకంలోంచి తలెత్తకుండానే, హిమజకు ఈమధ్య నోరొచ్చిందని మెచ్చుకున్నారు. క్లాసంతా నవ్వింది.

ఆరో రోజు గదిలో హిమజ ఫోను మోగింది. అనకాపల్లి నుంచి వాళ్లమ్మ. మోగుతూనే ఉంటే చదువు సాగడం లేదని కెజియా తీసింది. తిన్నావా అని అమ్మ అడిగింది, తిన్నానని కెజియా అదే సన్నటి గొంతుతో చెప్పింది. నలభై సెకన్లలో అయిపోయింది. మంచం అంచున కూర్చుని హిమజ అంతా విన్నది. తాను మాట్లాడినా అంతసేపే పట్టేది. మర్నాటి నుంచి రోజూ అదే జరిగింది.

ఆమె వెతికింది తాను లేనందువల్ల ఏర్పడే ఖాళీని. అది క్లాసులో లేదు, మెస్సులో లేదు, అమ్మ గొంతులోనూ లేదు. పదమూడో రోజు వరండాలో నిలబడి ఉండగా ఆమెకు తట్టింది. ఇక్కడే లేని మనిషి ఎక్కడికని వెళ్తుంది? ముందు ఇక్కడ ఉండటం నేర్చుకోవాలి. చాలాకాలం తర్వాత తనదంటూ ఒక నిర్ణయం దొరికింది. రెండు రోజులూ దాన్ని పగలకుండా మోసుకు తిరిగింది.

పదిహేనో రోజు ఆఫీసుకు వెళ్లి, “వెళ్లనండీ” అంది.

అప్పలనాయుడు ఫైలు తిప్పాడు. “ఏటమ్మా, పొద్దున్నే వచ్చి వెళ్తానని రాసీసేవు కదా.”

“అది నేను కాదండీ.”

“నీ గొంతే వినబడింది. పనిలో ఉండి తలెత్తలేదు గానీ.” రిజిస్టరు ఆమె వైపు జరిపాడు. “ఒక్కరోజు కూడా తప్పలేదు నువ్వు. కాదంటే, ఇన్నాళ్లూ ఎవరు పలికేరో రాసియ్యాల. ఆళ్లని పరీక్షలకి కూచోనివ్వరు. రాస్తావేటి?”

తెల్లకాగితం, మూత తీసిన పెన్ను ఆమె ముందు పెట్టాడు. కెజియాకు నిరుటి పేపర్లు రెండు మిగిలి ఉన్నాయి. ఈసారి కూడా పోతే చదువు మాన్పించి ఇంటికి తీసుకుపోతామని వాళ్ల నాన్న చెప్పి ఉన్నాడు. హిమజ పెన్ను పట్టుకుంది. ఫైల్లో తెరిచి ఉన్న పొద్దుటి ఫారంలో, కారణం అన్నచోట కెజియా రెండు వరుసల్లో రాసింది: ‘నేను లేకపోయినా ఇక్కడ ఎవరికీ ఇబ్బంది లేదు. అమ్మ కూడా సరేనంది.’ హిమజ రెండుసార్లు చదివింది. తప్పు ఎక్కడా దొరకలేదు. తన కారణమైతే రెండు వరుసల్లో పట్టదు.

“అభ్యంతరం ఏటైనా ఉందా?”

“లేదండీ” అని ఆ ఫారం కింద సంతకం చేసింది. చేసిన వెంటనే అందరికీ కనిపించింది.

వరండాలో అందరూ ఆమె ధైర్యాన్ని మెచ్చుకున్నారు. కెజియా వచ్చి వాటేసుకుంది. “ఆఖరి రోజుదాకా నానుస్తావని తెలుసే. అందుకే నేనే రాసేశా.”

“మంచి పని చేశావ్” అంది హిమజ.

గదికి వెళ్లి ఇంటికి ఫోను చేసింది. అమ్మ రెండు మాటలు విని ఆగింది.

“గొంతు అలాగుందేటే? జలుబు చేసిందా?”

హిమజ గొంతు సవరించుకుని, కాస్త సన్నం చేసి, “లేదమ్మా. తిన్నాను” అంది.

“ఆఁ, ఇప్పుడు నీలాగుంది” అంది అమ్మ, నిశ్చింతగా.

హిమజ ఆ గొంతుతోనే ప్రయాణం తేదీ చెప్పింది.