చల్లకుండానే పనిచేసిన మందు

"జీవ పరిణామం గత ప్రభుత్వాల హయాంలో నత్తనడక నడిచింది. కోట్ల సంవత్సరాలు పట్టించారు. మా ప్రభుత్వం దాన్ని ఈ విద్యా సంవత్సరంలోనే పూర్తి చేస్తుంది" అని విద్యామంత్రిగారు ప్రకటించిన రోజున నేను మా హైస్కూలు ల్యాబులో సీసాలు కడుగుతున్నాను. రేడియోలో ఆ మాట వినగానే చేతిలోని సీసా జారి ముక్కలైంది. గొప్పవాళ్ల మాటకు అంత బలం ఉంటుంది.

మంత్రిగారు అక్కడితో ఆగే మనిషి కాదు. ఇకమీదట తొమ్మిదో తరగతి పిల్లలు పాఠం బట్టీ పట్టరనీ, తామే ప్రశ్నించి, ప్రయోగం చేసి, నిజం కనుక్కుంటారనీ సెలవిచ్చారు. మూడో రోజుకల్లా ఫారాలు వచ్చాయి. వాటిలో "కనుక్కున్న నిజం" అన్న గడి ముందే నింపి ఉంది: "ప్రభుత్వ మందుకు దోమలన్నియు చచ్చును." పసిపిల్లల శ్రమ ఎంత తగ్గించారో చూడండి. ఫారాలతోపాటే మందు డబ్బాలూ వచ్చాయి. ప్రతి డబ్బా మీదా మంత్రిగారు నవ్వుతూ ఉన్నారు.

మా బయాలజీ మేడం మంచి మనిషే. నన్ను బాబాయ్ అని పిలుస్తుంది. ఒక్కటే లోపం, ప్రయోగం చెయ్యమంటే నిజంగా చేసేస్తుంది. యాభై దోమల్ని సీసాలో వేసి పిల్లలచేత మందు చల్లించింది. నలభై ఆరు చచ్చాయి. మిగిలిన నాలుగింటినీ నీళ్ల తొట్టెలో వదిలితే గుడ్లు పెట్టాయి. వాటి పిల్లల్లో యాభైని తీసి మళ్లీ చల్లిస్తే ముప్పై చచ్చాయి. మూడో తరంలో పదకొండు.

నేను చదివింది ఊళ్లో అయిదో తరగతే. అయినా దోమల సంగతి నన్నడగండి. ఆ మూడో తరం దోమలు మందు మీద పడగానే రెక్కలు దులుపుకుని, వీపు మీద కూడా కాస్త చల్లమన్నట్టు అటు తిరిగేవి. ఒకరోజు డబ్బా మూత బిగుసుకుపోతే రెండు దోమలు అటు పక్కన చెయ్యి వేశాయి. నమ్మితే నమ్మండి.

"పరిణామమంటే ఇదే బాబాయ్. మందుకి తట్టుకున్నవి మిగిలాయి. వాటి పిల్లలూ తట్టుకుంటున్నాయి" అంది మేడం, లాటరీ తగిలినంత సంబరంగా.

ఆ సంబరం వారం నిలవలేదు. విద్యాధికారి వచ్చి రికార్డు తిరగేశారు.

"ఏంటమ్మా ఈ రాతలు? మంత్రిగారి మందుకి చావని దోమ ఇంకా పుట్టలేదు!"

ముందు బెంచీలో పిల్ల లేచింది. అన్నిటికీ ఎందుకూ ఎందుకూ అని అడుగుతుందని దాన్ని అందరం ఎందుకమ్మ అంటాం. "పుట్టింది సార్. వాళ్లమ్మా నాన్నా పైపేజీలో ఉన్నారు."

అధికారి పిల్లలతో వాదించే రకం కాదు. బ్యాగులోంచి ఒక కాగితం తీసి మేడం ముందు పెట్టారు. బదిలీ ఆర్డరు. పేరు టైపు చేసి ఉంది, తేదీ ఒక్కటే ఖాళీ. అందులో రాసిన బడికి రెండు బస్సులూ ఒక పడవా మారి వెళ్లాలి. ల్యాబు లేదు, పైకప్పు సగం ఉంది. మేడంకి ఇంట్లో పాలు తాగే పిల్ల ఉంది.

"సోమవారం మంత్రిగారు స్వయంగా వస్తున్నారు. దోమలన్నీ చచ్చి ఉండాలి. రికార్డులో అదే ఉండాలి. లేదా, నా దగ్గర పెన్ను ఉంది."

"పిల్లలు చూసిందే రాస్తారు సార్" అంది మేడం.

"నేను మాత్రం వేరే ఏమన్నాను? చూడాల్సింది చూపించండి, చూసింది రాయించండి."

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికే అధికారి ల్యాబులోకి వచ్చారు. బల్ల మీద రెండు సీసాల నిండా దోమలు.

"రెండు సీసాలు ఎందుకయ్యా?"

"ఒకదాంట్లో పిల్లలు శనివారమే మందు చల్లారండి. రెండోదాంట్లో చల్లలేదు. పోల్చి చూడ్డానికట."

"మంత్రిగారు అంత ప్రేమగా మందు పంపితే చల్లకుండా ఉంచడమా? ఆయన ముక్కు ముందు దోమలు షికారు చేస్తుంటే నా ఉద్యోగం ఏమైపోవాలి?" అంటూ బ్యాగులోంచి వేరే డబ్బా ఒకటి తీశారు. మూత తీయకుండానే నాకు కళ్లు మండాయి.

"ఇదెక్కడిదండీ?"

"మా ఇంట్లో వాడేది. నువ్వు నోరు మూసుకో."

రెండు సీసాల్లోనూ కసితీరా కొట్టారు. మూడు తరాల వంశం రెండు నిమిషాల్లో నేల కరిచింది. బల్ల కింద దోమపిల్లలు ఈదుతున్న తొట్టె మీద మాత్రం ఆయన చూపు పడలేదు. నోరు మూసుకోమన్నారు కాబట్టి నేనూ చెప్పలేదు.

మేడం వచ్చి సీసాల్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను సీలింగు చూశాను.

పదింటికి మంత్రిగారు వచ్చారు. ఎందుకమ్మ చెప్పడం మొదలుపెట్టింది. "దీంట్లో మీ మందు చల్లామండీ. దీంట్లో చల్లలేదు."

మంత్రిగారు వంగి చూశారు. "చల్లనిదాంట్లో కూడా చచ్చాయే?"

అధికారి రుమాలు తీశారు.

"అదీ మన మందు అంటే!" అని మంత్రిగారు బల్ల చరిచారు. "చల్లకుండానే పనిచేస్తోంది!"

చప్పట్లు మోగాయి. అధికారి అందరికంటే ముందు మొదలుపెట్టి అందరికంటే తర్వాత ఆపారు.

"మేడం, ఏం రాయను?" అంది ఎందుకమ్మ మెల్లగా.

మేడం అధికారి బ్యాగు వంక ఒకసారి చూసింది. "చూసింది రాయి. దాన్నిబట్టి ఏం తేలిందో అదీ రాయి."

పిల్ల రాసింది. అధికారి మొదటి వాక్యం చదివి, తృప్తిగా తలాడించి, మంత్రిగారికి అందించారు. మంత్రిగారు పచ్చ సిరాతో సంతకం చేసి, అంతటితో ఊరుకోక, గ్రౌండులో మైకు ముందు నిలబడి పైకి చదివారు.

"రెండు సీసాల్లోనూ దోమలన్నీ చచ్చాయి!"

చప్పట్లు.

"మందు చల్లినదానికీ చల్లనిదానికీ ఏమీ తేడా లేదు!"

ఇంకా చప్పట్లు.

"కాబట్టి చంపింది ఈ మందు కాదు!"

ఈసారి ఈలలు కూడా వేశారు.

ఆ రికార్డునే మంత్రిగారి సంతకంతో సహా అచ్చువేసి, మాదిరి రికార్డుగా అన్ని బళ్లకూ పంచారు. బదిలీ ఆర్డరుకి తేదీ పడలేదు. మంత్రిగారు సంతకం పెట్టిన పేజీని తప్పని రాసే పెన్ను అధికారి దగ్గర లేదు.

రెండు వారాలకే కొత్త డబ్బాలు వచ్చాయి. చల్లకుండానే పనిచేసే మందు కాబట్టి ఈసారి డబ్బాలు మాత్రమే పంపారు, లోపల ఏమీ లేదు.

"పారెయ్యమంటావా అమ్మా?" అని అడిగాను.

"వద్దు బాబాయ్. తొట్టె చాలట్లేదు. కడిగి నీళ్లు పట్టు" అంది మేడం.

ఇప్పుడు మా ల్యాబు కిటికీ పక్కన ఆ డబ్బాలు వరసగా ఉన్నాయి. ప్రతి డబ్బా మీదా మంత్రిగారు నవ్వుతున్నారు. లోపల నాలుగో తరం ఈదుతోంది.