పేరు లేని స్విచ్చే మేలు

స్విచ్‌బోర్డు మీద ఏ స్విచ్చు దేనిదో రాసి పెట్టడం మహాపాపమని నా గట్టి అభిప్రాయం!

నవ్వకండి. బాగా ఆలోచించి చెబుతున్న మాట. మీ హాల్లో తలుపు పక్కన ఒక బోర్డు ఉంటుంది. దాని మీద ఎనిమిదో పదో స్విచ్చులు. అన్నీ ఒకే రంగు, ఒకే ముఖం. ఫ్యాను వేద్దామని ఒకటి నొక్కుతారు. వరండాలో లైటు వెలుగుతుంది. ఇంకోటి నొక్కుతారు. స్నానాల గదిలోంచి బావగారు ఒంటినిండా సబ్బుతో కేకేస్తారు. మూడోది నొక్కితే ఏమీ జరగదు. ఏ పనీ చేయని స్విచ్చు ప్రతి బోర్డులోనూ ఒకటి ఉంటుంది. అలాంటి మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు కదా, అలాగే!

దీన్ని మీరు బాధ అంటారు. నేను భాగ్యమంటాను.

ఈ రోజుల్లో ఇంట్లో మనిషికి మనిషితో పనేముంది? ఎవరి గది వారిది, ఎవరి ఫోను వారిది. అలాంటి ఇంట్లో పేర్లు లేని బోర్డు ఒకటి పెట్టి చూడండి. “ఎవర్రా లైటు తీసింది?” అని లోపలి నుంచి ఒకరు. “నేను ఫ్యాను వేశానండీ!” అని బయట నుంచి ఒకరు. “నీ మొహం, మోటారు వేశావు!” అని మేడమీద నుంచి మరొకరు. చూశారా? రెండు నిమిషాల్లో ఇంటిల్లిపాదీ మాట్లాడుకున్నారు!

అహంకారానికి కూడా ఇది దివ్యమైన మందు. ఆఫీసులో వందమందిని గడగడలాడించే అల్లుడుగారు అత్తగారింటి బోర్డు ముందు బిక్కమొహం వేసుకుని నిలబడాల్సిందే. ఇక ఆ ఇంట్లో అసలు పెత్తనం ఎవరిదో తెలుసుకోవాలంటే ఆస్తి కాగితాలు చూడక్కర్లేదు. ఏ స్విచ్చు దేనిదో ఎవరికి తెలుసో చూడండి, చాలు.

ఈ కళను మా ఊళ్లో ముప్పై ఏళ్లు పోషించిన మహానుభావుడు మా ఆయనే.

ఆయన వైర్‌మన్. ఇళ్లు, బడి, పళ్ల డాక్టరుగారి గది, లాండ్రీ, దేనికైనా ఆయన చెయ్యే. ఎక్కడా ఒక్క పేరు రాయలేదు. ఫేజుకి ఎర్ర తీగ, న్యూట్రల్‌కి నల్లది, ఎర్తుకి ఆకుపచ్చది వాడమని అందరూ అంటారు. ఆయన మూడింటికీ ఎర్రదే వాడేవారు. విప్పి చూసినవాడికి కళ్లు తిరిగి, చచ్చినట్టు ఆయన్నే పిలిచేవాడు.

“ఒక్క ముక్క రాసి పెట్టకూడదా?” అని అడిగితే, “రాస్తే మళ్లీ మనల్నెవరు పిలుస్తారే, పిచ్చిదానా!” అనేవారు. నాకు తెలిసిన వైర్‌మన్లందరిదీ అదే పద్ధతి. ఎవరి ఊరి గుట్టు వారి బుర్రలో.

నా దగ్గర మాత్రం ఆయన ఏదీ దాచలేదు. భోజనం చేస్తూ కరెంటు చదువంతా చెప్పేశారు. ఓల్టేజి అంటే తోపుడట. కరెంటు అంటే పారకమట. రెసిస్టెన్సు అంటే అడ్డమట.

“అర్థం కాలేదు” అన్నాను.

“నీకొచ్చే కోపం ఓల్టేజి. నోట్లోంచి పారే మాటలు కరెంటు. మా అమ్మ ఎదురుగా కూర్చుని ఉంటే, అది రెసిస్టెన్సు” అన్నారు.

“మరి ఫ్యూజో?”

“అది నేను! లోడు ఎక్కువైతే ఇల్లు తగలబడకుండా ముందు తెగిపోయేది నేనే.”

నిజమే. నాకూ అత్తగారికీ మాట పెరిగినప్పుడల్లా ఆయన తెగిపోయి వీధి చివరిదాకా వెళ్లిపోయేవారు. చల్లారాక వచ్చి అతుక్కునేవారు.

వెళ్లడానికే కాదు, తిరిగి రావడానికీ దారి ఉంటేనే కరెంటు గుమ్మం దాటుతుందట. దాన్నే సర్క్యూట్ అంటారట. ఆ లెక్కన మా ఇంటికి వచ్చిన చుట్టాల కన్నా కరెంటుకే బుద్ధి ఎక్కువ.

ఇళ్లల్లో లైట్లని పక్కపక్క దారుల్లో కలుపుతారు. అది పారలల్. ఒకటి పోయినా రెండోది వెలుగుతుంది. ఒకే దారిలో వరసగా కలిపితే సిరీస్. ఒకటి పోతే అన్నీ పోతాయి. మా ఆయన లైట్లన్నిటినీ పారలల్‌లోనే కలిపారు. ఊరిని మాత్రం తనతో సిరీస్‌లో కలుపుకున్నారు! ఆయన మంచం పట్టేసరికి ఎక్కడి మరమ్మతు అక్కడే ఆగింది.

అప్పటికి మా అమ్మాయి కూడా ఇదే పనిలో దిగింది. పగలంతా నిచ్చెన భుజాన వేసుకుని తిరుగుతుండేది. మంచం దగ్గర నేను ఉండేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆయనకి ఏమనిపించిందో, గాలిలో వేలు ఆడిస్తూ ఒక్కొక్క బోర్డూ అప్పజెప్పడం మొదలుపెట్టారు. “ఇదిగో, లాండ్రీ. ఇది బాయిలరు. ఇది మోటారు. ఇది ఇస్త్రీ బల్లలు. ఇది లోపలి గది లైట్లు. అమ్మాయికి చెప్పు.”

చెబుతాను. కానీ గుర్తుండేది ఎలా? నాకప్పటికి అక్షరం ముక్క రాదు. అందుకని ఆయన వేలు ఎటు నుంచి ఎటు నడిచిందో అలాగే కళ్లలో పెట్టుకున్నాను. ఆ వారమే ఆయన పోయారు.

మూడు నెలలకి లాండ్రీ ఆవిడ కబురు చేసింది, లోపలి గదిలో లైట్లు వెలగడం లేదని. అమ్మాయీ నేనూ వెళ్లాం. ఒకరు నిచ్చెన మీద, ఒకరు మెయిన్ బోర్డు దగ్గర ఉండాలి. ఇదివరకు ఆయనకి నేనుండేదాన్ని. ఇప్పుడు అమ్మాయికీ నేనే.

మెయిన్ బోర్డు లాండ్రీ వెనకవైపు గోడకి ఉంది. వరసగా పదకొండు ఫ్యూజులు. దేని మీదా ఏమీ లేదు.

“అమ్మా, తీశావా?” లోపలి నుంచి కేక.

“తీశానే!”

“సరిగ్గా చూసి తీశావా?”

“చేతిలోనే ఉందే తల్లీ! తెచ్చి చూపించమంటావా?”

తీగ ముట్టుకునే ముందు టెస్టర్ పెట్టి చూసుకునే పిల్లే అది. ఆ రోజు పెట్టలేదు. అమ్మ ఉందన్న ధీమా! ఒక చెయ్యి ఇనప గొట్టం మీద వేసి, రెండో చేత్తో తీగ పట్టుకుంది.

దబ్బుమని చప్పుడైంది. పరుగెత్తుకెళ్లేసరికి నిచ్చెన ఒక పక్క, అది ఒక పక్క. అదృష్టం, ఉతకాల్సిన దుప్పట్ల గుట్ట మీద పడింది. ఆ దుప్పట్లు ఎవరివో గానీ, అన్ని దుప్పట్లు మాపినందుకు వాళ్లకి నా నమస్కారం!

పెదవులు తెల్లగా పాలిపోయాయి. నోరు మాత్రం బాగానే ఉంది.

“ఏది పీకావే అమ్మా?”

“నాలుగోదే! మీ నాన్న చెప్పిందే!”

“ఎటు నుంచి నాలుగు?”

“ఇటు నుంచి.”

“నాన్న ఎలా చూపించాడు? నువ్వెక్కడ కూర్చున్నావు?”

“ఆయనకి ఎదురుగా.”

ఏడవాలో నవ్వాలో దానికి తెలియలేదు. “ఆయన ఎడమ నీకు కుడి కదే, అమ్మా!” అంది.

నేను పీకింది వీధి వైపు సైన్‌బోర్డు ఫ్యూజు.

లాండ్రీ ఆవిడ మంచినీళ్ల గ్లాసు అమ్మాయి చేతిలో పెట్టి, నా మీద పడింది. “వదినా! నా దగ్గర నాలుగొందల ఇళ్ల బట్టలున్నాయి. ప్రతి చొక్కాకీ కాలరు లోపల గుర్తు. ఒక్క చేతిరుమాలు మారిందా, జనం నన్ను బతకనివ్వరు. మనిషి ప్రాణం పోయే చోట మీ అన్నయ్యగారు ఒక్క గుర్తు పెట్టలేదే! ఏం మనుషులమ్మా మీరు?”

మీ ఆయన అనబోయి కంగారులో మీ అన్నయ్యగారు అంది. అది సరిదిద్దే సమయం కాదు.

మర్నాటి నుంచి రాయడం నేర్చుకోవడానికి ఆవిడ దగ్గరికే వెళ్లాను. బట్టల మీద గుర్తులు పెట్టే సిరాతో చింకిగుడ్డ మీద రాయించింది. అందరూ అ ఆ ఇ ఈలతో మొదలుపెడతారు. నేను బాయిలరుతో మొదలుపెట్టాను. తర్వాత మోటారు. ఇస్త్రీ బల్లలకి పది రోజులు పట్టింది. ఆ ‘స్త్రీ’ నన్ను ఏడిపించింది!

నేను సిరాబుడ్డితో బోర్డు దగ్గరికి వెళ్లబోతే అమ్మాయి అడ్డం నిలబడింది.

“రాస్తే ఇంక మనల్నెవరు పిలుస్తారే? నాన్న మాట మర్చిపోయావా?”

“పిలవకపోతే నిచ్చెనెక్కవు. ఎక్కకపోతే పడవు. నాకది చాలు.”

“మరి తినడం?”

“ఎడమేదో కుడేదో తెలియని తల్లిని పెట్టుకుని తిన్నది చాల్లే, జరుగు!”

పక్కకి జరిగింది. తనే ఒక్కొక్క ఫ్యూజూ తీసి, ఏది ఆగిందో కేకేసి చెప్పింది. నేను రాశాను. ఆయన పెట్టిన బోర్డుల్లో ఇప్పటికి ఇరవై మూడు పూర్తయ్యాయి. ఒక్కో దానికి సగం రోజు పడుతోంది.

నష్టం లేదనను. మాకు వచ్చే ఫోన్లు తగ్గాయి. పళ్ల డాక్టరుగారు తన ఫ్యూజు తనే వేసుకుంటున్నారు. బడిలో పంతులమ్మ ఎవర్నీ అడగకుండా ఫ్యాను వేస్తోంది. ముప్పై ఏళ్ల విద్య నా సిరాబుడ్డితో మంటగలిసింది. ఈ పాపం నాది.

కాబట్టి వైర్‌మన్లందరికీ నా మనవి. మీరు ఆ తప్పు చేయకండి. పేర్లు రాయకండి. మూడు తీగలూ ఒకే రంగువి వాడండి. మా ఆయన ముప్పై ఏళ్లు ఊరందరి దగ్గరా దాచారు, ఊళ్లో ఒక్కరికీ చీమైనా కుట్టలేదు. దాచిందంతా వెళ్లి తగిలింది ఆయన కన్న కూతురికి. అదొక్కటీ మీరు చూసుకుంటే చాలు. మీ పిల్లలు ఈ పనిలోకి రారని రూఢి చేసుకుని, నిశ్చింతగా అన్నీ బుర్రలో పెట్టుకుని వెళ్లిపోండి.

ఆ తర్వాత నిచ్చెన మీద ఉండేది ఎవరి పిల్లలో. మనకెందుకు!