మూలప్రతిలోని పదో మీట

“మూలప్రతిని కాపాడుకోలేని శాఖకు భవిష్యత్తు లేదు.”

1994 జూన్‌లో, కట్టంగూర్‌లోని నూలు గణాంకాల ఉపకార్యాలయంలో, సీనియర్ అసిస్టెంటు సిద్దిరాములు ఈ మాట అన్నాడు. వినడానికి ఇద్దరున్నారు. ఒకరు టైపిస్టు రాజమణి. ఇంకొకరు కంప్యూటరు మరమ్మతుకు నల్లగొండ నుంచి వచ్చిన తాజుద్దీన్. మూలప్రతి అంటే తాళపత్రం కాదు, శాసనమూ కాదు. పైనుంచి ఇటుకలు పడుతుంటే కింద పేర్చే వీడియో గేమ్. అది ఒక ఫ్లాపీలో ఉంది.

రెండేళ్ల కింద శాఖ ఆ ఆఫీసుకు కంప్యూటరు ఇచ్చింది. ఏ చేనేత సంఘానికి ఎన్ని కట్టల నూలు చేరిందో అందులో ఎక్కించాలి. కంప్యూటరుతో వచ్చిన ఫ్లాపీల్లో ఈ ఆట కూడా కలిసి వచ్చింది. అప్పటి నుంచి ఆ తెర మీద నూలు కట్టల కన్నా ఇటుకలే ఎక్కువ పేరుకున్నాయి.

ఇప్పుడు హైదరాబాదు నుంచి ఉత్తర్వు వచ్చింది. జాయింట్ డైరెక్టర్ కృష్ణయ్య సంతకం. పాత ఫ్లాపీల వల్ల వైరస్ సోకుతున్నందున వాటిని ధ్వంసం చేసి, చేసినట్టు ధ్రువీకరించాలి. తాజుద్దీన్ వచ్చింది అందుకే. బాధపడొద్దని, అదే ఆట కొత్తది తెచ్చానని చెప్పాడు. పదహారు రంగులు, ఇటుక పడ్డప్పుడల్లా సంగీతం.

“సార్, పాతదాంట్ల రంగు లేదు, పాట లేదు. ఏమున్నదని గంత పట్టు?”

“మా బాపు మగ్గం మీంచి దించిన మొదటి చీర పెట్టెల దాసిండు. తర్వాతవన్నీ దానికన్న మంచిగనే వచ్చినయ్. అయినా దాన్నే దాసిండు. ఎందుకు?”

తాజుద్దీన్‌కు తెలియలేదు. రాజమణికి తెలుసు. ఆ చీరకు కొంగు వంకర పోయింది, ఎవరూ కొనలేదు.

సిద్దిరాములు చెప్పని కారణం ఒకటుంది. పాత ఆటలో కీబోర్డు పైవరుసలోని పదో మీట నొక్కితే ఇటుకలు మాయమై, తెర నిండా అంకెల పట్టిక వస్తుంది. వరుసలు, నిలువు గళ్లు, కింద మొత్తం. ఎప్పుడు నొక్కినా అవే అంకెలు. ఆఫీసులో ఆడేవాళ్లు దొరికిపోకుండా ఆట రాసినవాళ్లే చేసిన ఏర్పాటు. కొత్తదాంట్లో అది తీసేశారు. రెండేళ్లలో ఎనిమిది తనిఖీలు ఆ మీటతోనే గట్టెక్కాయి. ఒక అధికారి సిబ్బంది శ్రద్ధను మెచ్చుకుంటూ రిజిస్టరులో రాసి పోయాడు కూడా. మీట లేనినాడు దొరికితే మక్తల్‌కు బదిలీ. మక్తల్ ఉపకార్యాలయంలో కంప్యూటరు లేదు. టైపు మిషన్ ఉంది గాని, దాని మీద ఇటుకలు పడవు.

తాజుద్దీన్‌కు చాయ్ తాగించి, పది రోజులాగి రమ్మని పంపారు. సిద్దిరాములు ఆ మూలప్రతి మాటతోనే మొదలుపెట్టి హైదరాబాదుకు మూడు పేజీల విజ్ఞాపన పంపాడు. రంగులు ఉద్యోగి దృష్టిని మళ్లిస్తాయన్నాడు. సంగీతం క్రమశిక్షణకు భంగమన్నాడు. మూలప్రతిలో ఉన్న నిరాడంబరత శాఖ ఆశయాలకు దగ్గరగా ఉందన్నాడు. పదో మీట ప్రస్తావన లేదు.

తొమ్మిదో రోజు పదకొండు గంటలకు గేటు ముందు జీపు ఆగింది. దిగింది కృష్ణయ్యే. అప్పటికి రాజమణి పద్దెనిమిది వేల పాయింట్ల మీద ఉంది. సిద్దిరాములు చెయ్యి చాపి మీట నొక్కాడు.

కృష్ణయ్య లోపలికి వచ్చి పట్టిక ముందు నిలబడ్డాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత తెరకు వీపు పెట్టి అడిగాడు.

“మూడో వరుసల నాలుగో అంకె, నాలుగొందల పన్నెండేనా?”

సిద్దిరాములు చూశాడు. నాలుగు వందల పన్నెండే. అతని కళ్ల ముందు మక్తల్ బస్సు వచ్చి ఆగింది.

కృష్ణయ్య తలుపు దగ్గరికి వేయమన్నాడు. కుర్చీలో కూచుని తనే పదో మీట నొక్కాడు. ఇటుకలు తిరిగి వచ్చాయి. ముప్పావుగంట ఆడాడు.

“సంతకం పెట్టింది నేనే,” అన్నాడు చివరికి. “మావోళ్లు అది సదివి మొదలు నా ఫ్లాపీనే కాలబెట్టిండ్రు. దీనికోసం ఏడు ఆఫీసులు తిరిగిన. అందరు ఉత్తర్వు పాటించిండ్రు. గింత క్రమశిక్షణ మన శాఖల ఎన్నడు సూడలే.”

తనకో నకలు కావాలన్నాడు. మూలప్రతికి నకలు తీయడానికి మనస్సాక్షి ఒప్పుకోదని సిద్దిరాములు చెప్పాడు. ఈ ఆఫీసు నుంచి ఎవరినీ మక్తల్ పంపబోమని కృష్ణయ్య మాట ఇచ్చాడు. మనస్సాక్షి ఒప్పుకుంది. రాజమణి సొరుగులో ఉన్న ఆరు నకళ్లలో ఒకటి తీసి ఇచ్చింది.

నెల తిరక్కుండా కొత్త సర్క్యులర్ వచ్చింది. మొదటి వాక్యం, మూలప్రతిని కాపాడుకోలేని శాఖకు భవిష్యత్తు లేదు. కింద కృష్ణయ్య సంతకం. ఇకపై నూలు నివేదికలన్నీ ఒకే నమూనాలో పంపాలని, నమూనా జతపరచడమైనదని ఉంది. రాజమణి కాగితం తిప్పింది. వరుసలు, నిలువు గళ్లు, కింద మొత్తం. మూడో వరుసలో నాలుగో అంకె నాలుగు వందల పన్నెండు.

ఆమె కాగితం చూసింది, తెర మీద ఉన్న పదో మీట పట్టిక చూసింది. రెండూ ఒక్కటే.

“సార్, ఇప్పుడు నేను పని చేస్తున్ననా, ఆడుతున్ననా?”

సిద్దిరాములు ఆలోచించాడు.

“పదో మీట నొక్కు. ఇటుకలు పడితే ఆట. పడకుంటే పని.”

రాజమణి నొక్కింది. ఇటుకలు పడ్డాయి.