పన్నెండో సీటు

పొద్దున వచ్చి సాయంత్రం పోయే టూరిస్టును మించిన వరం స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవులకు లేదు. కాదనేవాళ్లు మా దీవికి వచ్చి చూడండి. చలికాలంలో రండి, వేసవిలో పడవలో సీటు దొరకదు!

మేం ఇరవై ముగ్గురం. ఐదువేల ఏళ్లనాటి రాతి సమాధి ఒకటుంది. దాని తాళంచెవి నా దగ్గరే. వచ్చినవాళ్లు ఐదువేల ఏళ్లను గంటన్నరలో చూసేస్తారు. అంత పొదుపు ఎవరికి చేతనవుతుంది? దారిలో పాత రాతిగోడ పక్కన బట్టలారేసుకుంటున్న ఇసా డ్రెవర్‌నూ ఫొటో తీస్తారు. ఏ కాలం నాటిదని ఒకాయన అడిగితే, గోడ గురించా, తన గురించా అని ఎనభై దాటిన ఆ పెద్దావిడ నిదానంగా ఆరా తీసింది.

ఇసా పెద్దమ్మకు కళ్లలో శుక్లాలు. పెద్ద దీవిలోని కిర్క్‌వాల్ ఆసుపత్రిలో ఆపరేషన్‌కు రెండుసార్లు తేదీ ఇచ్చారు. రెండుసార్లూ పన్నెండు సీట్ల పడవ నిండా టూరిస్టులే. మూడోసారి ఇచ్చిన తేదీ మొన్న శుక్రవారం. అదీ తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

గురువారం నైజెల్ అనే రిటైరైన లెక్కల మాస్టారు దిగాడు. సమాధిలోకి పాక్కుంటూ వెళ్లి, టేపు తీసి రాళ్లు కొలవసాగాడు. పడవకు పది నిమిషాలే ఉందని చెప్పడం నా ధర్మం. కానీ చదువుకు అడ్డుపడటం పాపం కదా?

"లోపల ఇంకో గది ఉంది సార్, తీరిగ్గా చూడండి" అన్నాను.

జెట్టీలో పడవ నడిపే ఎర్లెండ్ తలలు లెక్కపెట్టి, రెండుసార్లు కూత వేశాడట. మూడడుగుల మందం రాతిగోడ వెనక ఏం వినిపిస్తుంది? సంచితో నిలబడ్డ పెద్దమ్మ అతన్ని ఓదార్చిందట.

"ఖాళీగా పోవడం దేనికి నాయనా? నేను కూర్చుంటాలే."

మోకాళ్లకు మట్టితో బయటికొచ్చిన మాస్టారిని మా ఇంటికి తీసుకెళ్లాను. శుక్రవారం పొగమంచు. శని, ఆదివారాలు పడవే లేదు. ఆయన మాత్రలు అయిపోయాయి, మా దీవిలో నర్సు లేదు. ఒక కంటికి ఆపరేషన్ అయిందని మాత్రం పెద్దమ్మ ఫోన్ చేసింది.

ఆదివారం మాస్టారు జెట్టీ మీద నిలబడి, తర్వాతి పడవ ఎప్పుడని అడిగాడు.

"పదేళ్లుగా మేమూ అదే అడుగుతున్నాం సార్. చదువుకున్నవారు, అర్జీ ఒకటి రాసిపెడతారా?"

రాశాడు. నాలుగు పేజీలు. సంతకం కింద, 'దీవివాసి' అని పెట్టాడు.