ఒక్క ఫ్లెక్సీ చూసి

ఫ్రీజరు పెట్టె గుమ్మం ముందు దింపేసరికి ఏలీయా పళ్ళు తోముకుంటున్నాడు.

"నాటకాలు రాసే ఏలీయా గారిల్లు ఇదేనాండీ?" అన్నాడు వ్యాను నడిపే నాగసతీష్.

"ఆయ్."

"బాడీ ఎక్కడుందండీ?"

ఏలీయా నోట్లో నురుగు ఉమ్మేసి, "ఏలీయా బాడీ అంటే ఇదేనండీ" అన్నాడు.

నాగసతీష్ ఫోన్లో ఫొటో చూపించాడు. రాజోలు సెంటర్లో, బస్సు దిగినవాడి మొహానికి తగిలేంత ఫ్లెక్సీ. నల్లంచు మధ్య ఏలీయా నవ్వుతున్నాడు. అతని భుజం మీద, కత్తిరించగా మిగిలిపోయిన ఎవరివో రెండు వేళ్ళున్నాయి. కింద 'ప్రముఖ నాటక రచయిత ఏలీయా గారికి కన్నీటి నివాళి.'

ఇది ఏలీయా రాసిన కథే. ఏళ్ళ తరబడి చర్చిలో క్రిస్మస్ నాటకాలు రాస్తూ వచ్చిన అతనికి, సినిమా గుమ్మం దాకా వెళ్ళిన కథ ఒక్కటే. బతికున్న మనిషికి ఎవరో నివాళి ఫ్లెక్సీ కడతారు. నిన్న దర్శకుడు శ్యామ్ బాబు ఫోన్లో దాన్ని కొట్టిపారేశాడు. "ఒక్క ఫ్లెక్సీ చూసి జనం నమ్మేస్తారా? ఒక్కడికైనా అనుమానం రాదూ? లాజిక్ లేదండీ. రేపు అంతర్వేదికి లొకేషన్లు చూడ్డానికి వెళ్తున్నాను. దారిలో ఆగుతాను, ఇంకేదైనా ఉంటే చెప్పండి."

పక్కనే చేపలు కడుగుతూ భార్య మెర్సీ అంతా వింది.

ఇవాళ శ్యామ్ బాబు అంతర్వేదికి వెళ్ళే దారి ఆ సెంటరు మీంచే. చచ్చినవాడి దగ్గర కథ వినడానికి ఎవడాగుతాడు?

"మరి పెట్టె సాయంత్రం దాకా ఉంచమంటారాండీ?" అన్నాడు నాగసతీష్.

ఏలీయా తువ్వాలు భుజానేసుకుని ఫ్లెక్సీ పీకడానికి పరిగెత్తాడు. వరండాలో వరసగా వేసున్న చర్చి కుర్చీలు కాలికి తగిలాయి. గేటు దాటకముందే పాస్టరు గారితో కలిసి చర్చి ఆడవాళ్ళందరూ ఏడుస్తూ ఎదురొచ్చారు. ముందున్న చిన్నమ్మలు అనే ఆవిడ అతన్ని చూసి కెవ్వుమని పాస్టరు గారి మీద పడింది. పాస్టరు గారు పూలకుండీ మీద పడ్డారు.

"బతికే ఉన్నానండీ!"

"సెంటర్లో కట్టేరు కదండీ!" అంది చిన్నమ్మలు, తప్పు అతనిదన్నట్టు. నమ్మకం కుదరక ఓసారి గిల్లి చూసింది.

ఇంతలో కొత్తపేట నుంచి మంగరాజు బైకు మీద దిగాడు. తనూ నాటకాలు రాస్తాడు. ఏలీయా ప్రతి నాటకానికీ ముందు వరసలో కూర్చుని ఆవలిస్తాడు. ఏలీయాకి విషయం అర్థమైపోయింది.

"ఫ్లెక్సీ మీరే కట్టించేరు కదండీ?"

"నేను కట్టిస్తే కింద నా ఫొటో వేయించుకోనాండీ?"

అది నిజమే. మంగరాజు జేబులోంచి కాగితం తీశాడు. "దారిలో బండాపి రాసేనండీ. మీరు బతికున్నారని వదిలెయ్యలేను, వినండి."

'కోనసీమలో ఇలాంటి నాటకకర్త మళ్ళీ పుట్టడు' అని మొదలైంది. మనిషి ఏడుస్తూ చదివాడు.

"ఆ మొదటి ముక్క ఇంకోసారండీ" అన్నాడు ఏలీయా కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడే కారు ఆగింది. శ్యామ్ బాబు గులాబీ దండతో తలవంచుకుని తిన్నగా మెర్సీ దగ్గరికొచ్చాడు. "క్షమించండమ్మా. నిన్న నేనన్న మాటకే ఆయన గుండె ఆగిపోయుంటుంది."

"లేదండీ, ఆయన అక్కడున్నారు" అంది మెర్సీ కాఫీ అందిస్తూ. "మీకు అనుమానం రాలేదాండీ?"

"ఫ్లెక్సీ కట్టారు కదండీ!" అనేసి, తన మాట తనకే వినిపించి శ్యామ్ బాబు ఆగిపోయాడు.

కుర్చీలో కూలబడి, మంగరాజు ఏడుస్తూ మళ్ళీ చదువుతుంటే వింటూ కాఫీ పూర్తిగా తాగాడు. తర్వాత లేచి ఆ దండ తెచ్చి ఏలీయా మెడలో వేశాడు.

"ఆ కథే చేద్దాం. మాటలు కూడా మీరే రాయండి. ఈయన ఏడుపు మాత్రం ఉండి తీరాలి." మంగరాజు సిగ్గుపడ్డాడు. "ఒక్కటే లోటు. ఫ్లెక్సీ కట్టించిందెవరో మీ కథలో లేదు. ఎవరంటారు?"

అప్పటిదాకా ఏలీయాకీ తెలీదు. ఇప్పుడు ఏడ్చేవాళ్ళకంటే ముందొచ్చిన కుర్చీలు చూశాడు. ఊరందరికీ సరిపడా పొద్దున్నే కాచిన కాఫీ చూశాడు. ఫ్లెక్సీలో తన భుజం మీద మిగిలిపోయిన ఆ రెండు వేళ్ళు, ఖాళీ గ్లాసులు ఏరుతూ కనిపించాయి.

"నన్ను చంపింది మా మెర్సీయేనండీ" అన్నాడు.